చోడవరానికి ఎప్పుడు రిలీజు?

14 నవంబరు 1995, మంగళవారం

ఈయన వైజాగ్ నుంచి ఉత్త చేతులతో వచ్చారు. మా వీడియో గేముల షాపుకి కొత్త మిషను ఎప్పుడు వస్తుందని అడిగితే అక్కడి డీలరు నవ్వాడట. జపాన్‌లో పోయినేడే వచ్చింది, మొన్న అమెరికాలోనూ వచ్చింది, మన దేశానికి మాత్రం తేదీయే లేదన్నాడట. ఓడల్లో దొంగచాటుగా వచ్చేదైతే రేటు రెట్టింపట.

నేను మొదట్నుంచీ అనుమానపడుతూనే ఉన్నాను. వింటేగా! "సినిమా ముందు వైజాగ్‌లో ఆడి, తర్వాత మనూరు రావట్లేదేటే? ఇదీ అంతే. మనకాడికొచ్చేసరికి రేటు కూడా తగ్గిపోతాది, సూడు" అంటూ పాత మిషన్లన్నీ దేవరాపల్లి వాడికి అమ్మేశారు. షట్టరు మీద ‘త్వరలో’ అని పెద్ద కాగితం అతికించారు.

ఆ దేవరాపల్లి వాడు ఇవాళ సాయంత్రం ఆ మిషన్లతోనే మా ఎదురుగా షాపు తెరిచాడు. మా దగ్గరికొచ్చే పిల్లలంతా అక్కడే ఉన్నారు. వాళ్ల కేకలు మా ఖాళీ గదిలోకి వినిపిస్తున్నాయి. ఈయన మాత్రం రేపు టీవీలు కూడా అమ్మేస్తారట, కొత్త మిషనుకి పెద్దవి కావాలట.

"ఆ కాయితం పీకేస్తానండి" అన్నాను.

"ఎందుకే? వస్తాది" అన్నారు, నా మొహం చూడకుండా.

సినిమా హాలు గోడ మీద ‘త్వరలో’ అని వేసి, చివరికి ఈ ఊరు రాని సినిమాలు నాకు తెలుసు. ఆ పోస్టర్లు ఎవరూ పీకరు. వానకి తడిసి, వాటంతట అవే ఊడిపోతాయి.