ఫుజైరా కొండ మీద మన సైకిల్ పందెం

రూతక్కా,

ఏటా మనిద్దరం కలిసి వెళ్ళే ఫుజైరా కొండల సైకిల్ పందేనికి, నువ్వు పోయాక మొదటిసారి నిన్న ఒక్కదాన్నే వెళ్ళాను. బయలుదేరేచోటే మన క్లబ్బు కెప్టెన్ అడ్డం వచ్చాడు.

"యాభై ఎనిమిదేళ్ళకి ఈ రాళ్ళెందుకు సిస్టర్? పిల్లల రూటుంది కదా," అన్నాడు.

నీతోనూ ఇదే కూసిన నోరు.

"నీ మోకాళ్ళ సంగతి చూసుకో బాబూ," అన్నాను.

కొండ సగం ఎక్కకుండానే ఆ పొట్టరాయుడు తన ఖరీదైన సైకిల్ పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు. నర్సును కదా, వదిలిపోలేక నీళ్ళిచ్చి, నాడి చూసి, పందెం వాళ్ళ జీపెక్కించాను. థాంక్స్ అనే మాట కూడా రాలేదు. నేను కొంత తొక్కి, కొంత నెట్టుకుంటూ అందరికన్నా ఆఖరున చేరాను.

అప్పటికే ఆ మహానుభావుడు మైకు పట్టుకుని, "స్వర్గస్థురాలైన మన రూబీ సిస్టర్ మనందరికీ స్ఫూర్తి," అంటున్నాడు.

"రూబీ కాదయ్యా, రూతు! ఆవిడ పేరు రూతు!" అని అరిచాను.

దానికీ చప్పట్లే కొట్టారు, వెధవలు.

సైకిల్ కారెక్కించుకుని వచ్చేశాను. ఇల్లు చేరేదాకా వాళ్ళని పేరుపేరునా తిడుతూనే ఉన్నాను, ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు తిరిగి.

నీ మేరీ