మైనం ఏదని అడిగిన సాహెబ్‌కు

రాజ్‌కోట్

ఎక్సైజ్ సూపరింటెండెంట్ వాఘేలా సాహెబ్‌కు నమస్తే.

మీ నోటీసు అందింది. మేం మైనం కొన్నప్పుడు కట్టిన సుంకాన్ని, తయారైన పంపు చక్రాల మీద కట్టాల్సిన సుంకంలోంచి తగ్గించుకోవడం తప్పన్నారు. చక్రంలో మైనం లేదు కాబట్టి అది ముడిసరుకే కాదన్నారు.

లేదు, నిజమే. మా ఫౌండ్రీకి వచ్చిన రోజు మీరు నిక్షేపంలా ఉన్న చక్రాన్ని రెండు ముక్కలుగా కోయించి, "మైనం ఏది బెన్? చూపించండి" అని నన్నడిగారు. మా పెద్దమేస్త్రీ ధన్‌జీభాయ్ ఆగలేక, "మైనం మిగిలితే అది చక్రం కాదు సాహెబ్, కొవ్వొత్తి!" అని నవ్వేశాడు. మీకు కోపం వచ్చింది. ఆయన నవ్వినందుకు క్షమాపణ చెబుతున్నాను. అన్న మాటకు మాత్రం చెప్పను.

మేం ముందు మైనంతో చక్రం బొమ్మ చేస్తాం. దానికి మట్టిపూత పూసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో ఉక్కు పోస్తాం. కరిగిపోవడమే మైనం పని. సుంకం మీద సుంకం కడితే మా ధరకు ఎవరూ కొనరు. మైనం గదిలో పనిచేసే ఆడవాళ్లందరినీ ఇంటికి పంపాల్సి వస్తుంది. నేను పంపను.

ఆ రోజు మీరు మా టీ సాసరులో పోసుకుని తాగి, ఇంకాస్త అడిగారు. సాసరులో మీకు టీ ఆకు కనిపించిందా? సోమవారం విచారణకు ఫ్లాస్కు తెస్తాను. అందులో పాలు, చక్కెర, అల్లం ఉంటాయి. ఆకు మాత్రం వెయ్యను. తాగి, అది టీయేనని రాసి సంతకం పెట్టండి. మీరడిగిన సుంకం అక్కడే కట్టేస్తాను.

ఇట్లు,
ఫౌండ్రీ యజమానురాలు