మడమలో ఖాళీ

సెప్టెంబర్ 9, మంగళవారం

మళ్ళీ మడమ. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక కండక్టర్‌కి కాలు పెట్టే చోటు కూడా లేదు. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస దాకా ఒంటికాలి మీదే జీరో టికెట్లు కొట్టాను. కొంగలా ఉన్నానని డ్రైవర్ శివాజీ నవ్వాడు. అతనికేం, కూర్చునే ఉద్యోగం.

ఇంటికి రాగానే అత్త ఇటుక కాల్చింది. దాని మీద జిల్లేడాకు పరిచి మడమ పెట్టించింది. మడమశూలకి ఇంతకంటే మందు లేదట. నెల నుంచీ ఇదే వైద్యం. సెగ తగిలినంతసేపు హాయి. తెల్లారితే మామూలే.

సెప్టెంబర్ 14

బొబ్బ లేచింది. ఇప్పుడు రెండు నొప్పులు.

సెప్టెంబర్ 18, గురువారం

లీవ్ పెట్టి ఎముకల డాక్టర్ జ్ఞానానందం గారికి చూపించుకున్నాను. మా ఆయన గిరిబాబు రైస్ మిల్లు నుంచి ఆ తవుడు దుమ్ముతోనే వచ్చాడు.

శూలే కదా, ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారనుకున్నాను. ఎక్స్‌రేలో మడమ ఎముక మధ్య నల్లటి గుండ్రం. ఆ తర్వాత ఎమ్మారై. ఎముక లోపల బోలైపోయి నీరు చేరిందట. బోన్ సిస్ట్ అన్నారు. క్యాన్సర్‌లా అనిపించడం లేదు, కానీ ఆపరేషన్‌లో గోకి తీసింది ల్యాబ్‌కి పంపితేనే ఖాయంగా చెప్పగలనన్నారు. గోడ పల్చబడింది, ఇలాగే నిలబడుతూ ఉంటే ఎప్పుడో విరుగుతుందట. ఆపరేషన్ చేసి, నా తుంటి నుంచే ఎముక ముక్కలు తీసి ఆ ఖాళీలో నింపుతారట. అతుక్కున్నాక డ్యూటీ చేసుకోవచ్చట.

నా చెవికి ఎక్కింది ఆ చివరి మాటే. నిలబడలేని కండక్టర్‌ని ఎవరు ఉంచుకుంటారు?

సెప్టెంబర్ 19

గిరిబాబు తల్లి ముందు గడ్డ అని నోరు జారాడు. అత్త చేతిలో చేట కింద పెట్టేసింది. అత్త వాళ్ళక్క తాయారుకి రొమ్ములో గడ్డ. కోసిన ఏడాదికే పోయింది. గడ్డకి కత్తి సూపిస్తే ఒల్లంతా పాకుతాదే దుర్గా, నా మాటిను అంది. ఇది గడ్డ కాదత్తా, ఖాళీ అన్నాను. ఖాళీ అయితే కొయ్యడం ఏటికే అంది.



సెప్టెంబర్ 23

ఊరంతా నన్ను చూడ్డానికి వస్తోంది. అరటిపళ్ళు, హార్లిక్స్, ఏడుపు. నేనే అందరికీ టీ పెట్టి ఓదారుస్తున్నాను. పొందూరు పిన్ని నా చెంపలు నిమిరి, ఎప్పుడూ నవ్వుతా ఉండేదని అక్కడున్నవాళ్ళకి చెప్పింది. ఉండేదట!

ఆపరేషన్‌కి నా సంతకం ఒక్కటే చాలదట, మా ఆయనది కూడా కావాలట. గిరిబాబు పెట్టడు. అత్త అన్నం మానేసింది మరి. అమ్మ తిననీ, సూద్దాంలే అంటాడు. ఆవిడకి పంతం, నాకు కాలు, ఆయనకి గొడవ లేకపోతే చాలు. అందరి మీదా కోపంగా ఉంది. కోప్పడే ఓపిక లేదు.

అక్టోబర్ 6, సోమవారం

డ్యూటీ.

అక్టోబర్ 11, ఆసుపత్రి

నిన్న ఆమదాలవలస స్టేషన్ దగ్గర ఒక ముసలావిడ మూట ఎక్కించడానికి కిందికి దిగాను. బరువంతా మడమ మీద పడింది. లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు. శివాజీ బస్సుని ఆసుపత్రికి తిప్పేశాడు. దిగిపొమ్మంటే ప్యాసింజర్లు ఒక్కరూ దిగలేదు. ఆ ముసలావిడ నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

విరిగింది. ఇంక సూద్దాంలే లేదు. గిరిబాబు సంతకం పెట్టాడు.

అత్త వచ్చింది. నా వైపు చూడలేదు. తిన్నగా డాక్టర్ గారి దగ్గరికి పోయి, దాని తుంటి కొయ్యొద్దు బాబూ, నాది తియ్యండి, నానింక ఏ బస్సెక్కాల అంది. ఇటుక కాల్సిందీ నానే, ఆపరేసనాపిందీ నానే అంది. ఆయన నవ్వకుండా విన్నారు. ఎవరి ఎముక వాళ్ళకే బాగా అతుకుతుందమ్మా, మీది పెళుసుబారి ఉంటుంది అన్నారు. అత్తకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇన్నేళ్ళు నాట్లేసిన తుంటి, పెలుసేటి అంది.

నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. నొప్పికనుకున్నారు.

అక్టోబర్ 14

అయింది. కాలికంటే తుంటికే ఎక్కువ నొప్పి.

అక్టోబర్ 25

ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. బినైన్. అంటే పాకేది కాదని అత్తకి చెప్పాను. కత్తి పడినా పాకలేదా అని అడిగింది. లేదన్నాను. మరి మా అక్కకేటయినాది అంది. అది వేరే జబ్బత్తా అన్నాను. పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

నవంబర్ 20

కాలు కింద పెట్టకూడదు. ముక్కలు ఇంకా పూర్తిగా అతుక్కోలేదట. స్నానానికి అత్త, జడకి అత్త, మంచినీళ్ళకి అత్త. సిగ్గు పోయింది, విసుగు మిగిలింది. ఎప్పటికి అతుకుతుందో అని గొణిగాను.

ఇంకో ఇంటి నుంచొచ్చిన ముక్క కదే, సిన్నగా కుదురుకుంటాది, తొందర పెట్టకు అంది. నా జడ అల్లుతూ, నిన్ను మాత్తరం నాను తొందర పెట్టీసినాను అంది. పెళ్ళయిన మర్నాడే నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టిన సంగతి. గుర్తుందన్నమాట.

డిసెంబర్ 17

మడమ ఆనించాను. నా బరువుకి ఆగింది.

అత్త పసుపు ముద్ద తెచ్చి ముందు తుంటి మీద మచ్చకి రాసింది. కాలికి కదా అన్నాను. పిల్లనిచ్చినోల్లకి ముందు మరేద సెయ్యాల అంది.