గెలుపు కొట్టేసిన పట్టిక

మాంగెరె, ఆక్లాండ్
ఆగస్టు 9

తమ్ముడు నూరోవాకి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. మళ్ళీ చర్చిలో ముందు వరుసలో కూర్చుని పాడుతోంది. పాస్టరు గారు రాగం అందుకునేలోపే ఈవిడ చరణం ముగించేస్తుంది. పెర్త్ గనిలో నీకు పగటి డ్యూటీ వేశారని రాశావు, సంతోషం. టారో దుంపలు పంపమన్నావు, కస్టమ్స్ వాళ్ళు రానివ్వరట, వాళ్ళ మొహాలు మండ. నీ కెప్టెన్ జెర్సీ నా బీరువాలోనే భద్రంగా ఉంది.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. "అక్కా, అంతర్జాతీయ రగ్బీ పట్టికలో మన దీవి జట్టుకి ఎనిమిది మ్యాచ్‌లు, ఒక గెలుపు ఉండేది. ఇప్పుడు ఎనిమిదీ ఓడినట్టు ఉందేమిటి? తప్పు పడిందా?" అని రాశావు. తప్పు పడలేదురా. మీరు 18–16తో గెలిచిన ఆ ఒక్క మ్యాచ్‌నీ కొట్టేశారు.

మన తెయోకోతాయి ఆడాడని కొట్టేశారు. చివరి నిమిషంలో బంతి పట్టుకుని ఎదుటి జట్టు వాళ్ళిద్దరిని ఈడ్చుకుంటూ వెళ్ళి గీత అవతల పడ్డాడే, మన చిన్నాడు, వాడు. వాడు మనింటికి వచ్చినప్పుడు నీకు ఆరేళ్ళు. అమ్మకి పుట్టిన బిడ్డ పోయిన నెలలోనే, ప్యాకింగ్ ఫ్యాక్టరీలో అమ్మ పక్కన నిలబడి పనిచేసే టోంగా దీవి అమ్మాయి ఆ పసివాడిని తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. మనవాళ్ళలో పాలిచ్చిందే తల్లి, ఎవరూ కాగితం అడగరు. ఆటగాళ్ళ ఫారాలు నింపేది నేనేగా. ఇక్కడ పుట్టిన వాళ్ళు మన దీవి జట్టుకి ఆడాలంటే తల్లిదండ్రులో, తాతో అవ్వో దీవి వాళ్ళయి ఉండాలి. నీ ఫారంలో రాసినట్టే వాడి ఫారంలోనూ మన తాత పేరు రాశాను. అబద్ధం రాస్తున్నానన్న తలంపే రాలేదు.

ఓడిన జట్టు ఫిర్యాదు చేసింది. రగ్బీ సంఘం వాళ్ళు నన్ను పిలిపించారు.

"రక్తసంబంధమా, కాదా? ఒక్క మాట రాసివ్వండమ్మా," అన్నాడు ఆఫీసరు.

"నెలల పిల్లాడప్పటి నుంచి మా ఇంట్లోనే పెరిగాడు సార్."

"నేనడిగింది అది కాదు. రాయకపోతే మీ జట్టుని నాలుగేళ్ళు ఆడనివ్వం."

ఇన్నాళ్ళూ నీకు చెప్పలేక దాచింది ఇదే నూరోవా. "ఇతను మా కుటుంబం వాడు కాడు" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. మిగతా కుర్రాళ్ళ కోసమే అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అమ్మకి ఇంకా తెలియదు, ఇప్పటికీ చర్చిలో అందరికీ 18–16 అనే చెబుతోంది.

ఆ కాగితం నకలు వాడికీ పంపారు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. వంటింటి గుమ్మంలో నిలబడి, "మీ గెలుపు పోగొట్టాను కదక్కా," అన్నాడు.

"మీ అంటావేంట్రా వెధవా! మనది కాదూ?"

"కాగితం అలా చెప్పడం లేదుగా."

తిండి మానలేదు, పలకరింపు మానలేదు. ఆట మాత్రం మానేశాడు. పోయిన వారం చేపల ఓడలో పనికి కుదిరాడు. ఆరు నెలలు దక్షిణ సముద్రంలోనే ఉంటాడట. మొన్న గురువారం ఓడ వెళ్ళిపోయింది.

వెళ్ళే ముందు రోజు ఓడ వాళ్ళ ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. బడిలో చేరినప్పటి నుంచి వాడి ఫారాలన్నీ నేనే కదా నింపేది. పేరు రాశాను, పుట్టిన తేదీ రాశాను. దగ్గరి బంధువు ఎవరన్న చోట అమ్మ పేరు సగం రాసేసరికి వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టెయ్యక్కా."

"ఎందుకురా?"

"అక్కడ నాకేమన్నా అయితే వీళ్ళు అమ్మకి ఫోన్ చేస్తారు. మీకేమవుతాడు, సొంత బిడ్డేనా అని అడుగుతారు. అమ్మ చేత కూడా 'కాడు' అనిపించకు."

అమ్మ పేరు కొట్టేశాను. 'ఎవరూ లేరు' అని రాశాను.

ఇట్లు,
మీ ఇద్దరి అక్క,
తెపాయెరు