వెనక్కి వెళ్ళని పడవబండి

సస్కాచెవాన్, మార్చి 3, 1987

పడవలు కట్టే స్టీనీ బార్డాల్ గారికి నమస్కారాలు.

ఇక్కడ మేం క్షేమం, మంచు మోకాలి దాకా ఉంది. నలభై ఏళ్ళు గోధుమ పండించి, పొలం అల్లుడికి అప్పగించి ఖాళీగా కూర్చున్నాను. మా ఆవిడ లవీనియా న్యూఫౌండ్‌ల్యాండ్ జాలరుల ఆడపడుచు. పెళ్ళై ముప్పై ఎనిమిదేళ్ళయింది, మళ్ళీ సముద్రం మొహం చూడలేదు. ఈ జులైలో పుట్టింటి రేవులో సొంత పడవ దించాలని పట్టు పట్టింది. మీ ఇరవై ఆరు అడుగుల పడవ ఖాయం చేస్తున్నాను. రెండు పడకలు, పొయ్యి, తలుపున్న మరుగుదొడ్డి ఉండాలి. లారీకి తగిలించి ఐదువేల కిలోమీటర్లు లాక్కుపోతాం.

ఇట్లు,
ఆర్విడ్ హాల్వర్సన్

తా.క.: రివర్సులో తిన్నగా పోయే ట్రైలర్ ఏదైనా ఉందా? నాకు కాదు, మా ఆవిడ అడగమంది.

గిమ్లీ, మార్చి 12

హాల్వర్సన్ గారికి,

అలాంటి ట్రైలర్ ఇంకా పుట్టలేదు. ముందుకు ఎవరైనా లాగుతారు, అసలు పరీక్ష రేవు దగ్గర, వాలు మీద బండిని వెనక్కి నడిపి నీళ్ళలోకి దించేటప్పుడే. స్టీరింగ్ కుడికి తిప్పితే బండి వెనక భాగం ఎడమకు పోతుంది. ఖాళీ పొలంలో సాధన చెయ్యమనండి, వారంలో అలవాటైపోతుంది.

మీ
బార్డాల్

తా.క.: మొగుడూ పెళ్ళాలు బండిని రేవులోకి దించుతూ పోట్లాడుకుంటుంటే చూడటానికి జనం కుర్చీలు వేసుకుని మరీ కూర్చుంటారు. మా ఊళ్ళో ఆదివారం వేరే కాలక్షేపం లేదు.

సస్కాచెవాన్, ఏప్రిల్ 20

బార్డాల్ గారికి,

ఆ తా.క. మీరు రాయకుండా ఉండాల్సింది. లవీనియాకు ఆరుగురు అన్నలు, పొద్దస్తమానం రేవులోనే ఉంటారు. పెళ్ళిలో నేను వేసుకున్న బూట్ల మీద ఇప్పటికీ జోకులు రాసి పంపుతుంటారు.

లవీనియా గడ్డిబండితో సాధన చేసింది. కోళ్ళ గూడు పోయింది, కోళ్ళు క్షేమం. పాపం, బాగా బెదిరిపోయింది. పంతొమ్మిది అడుగుల పడవ చాలు మాకు. చిన్నదైతే ఆవిడ మాట వింటుంది.

ఇట్లు,
ఆర్విడ్ హాల్వర్సన్

తా.క.: గూడు సంగతి ఆవిడ దగ్గర ఎత్తకండి, బాధపడుతుంది.

గిమ్లీ, మే 1

హాల్వర్సన్ గారికి,

పొరబడ్డారు. పొడవు బండి నిదానంగా తిరుగుతుంది, దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. పొట్టిది స్టీరింగ్ కదపగానే అడ్డం తిరిగి లారీకి గుద్దుకుంటుంది. మీరు అడుగులు తగ్గించిన కొద్దీ గూళ్ళు ఎక్కువ పోతాయి, చివరికి మీకు తెడ్డు మిగులుతుంది. ఇరవై ఆరడుగులది మీ పేరు మీదే ఉంచాను. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తాను.

మీ
బార్డాల్

తా.క.: ధైర్యం చెబుతూ మీ ఆవిడకు విడిగా ఒక ఉత్తరం వేశాను.

సస్కాచెవాన్, మే 9

బార్డాల్ గారికి,

“భయపడకమ్మా, ట్రైలర్ ఏమన్నా పులా?” అని రాశారు. రెండుసార్లు చదివాను, మూడోసారి నవ్వాపుకోలేక చదవలేకపోయాను.

ముప్పై ఎనిమిది కోతలు చూశాను నేను. ఆయన కోత మిషన్ మీద దొరలా కూర్చుంటే, ధాన్యం బండి తగిలించిన లారీని వెనక్కి నడిపి గోదాము గుమ్మంలో పెట్టింది నేను. అదీ ఒడిలో పిల్లతో. గూడు కూల్చింది ఎవరో మా కోళ్ళనడగండి. ఆయనకు వెనక్కి నడపడం రాదు. మా అన్నల ముందు పెళ్ళాం స్టీరింగ్ పడితే తలకొట్టేసినట్టు ఉంటుందని ఆయన బెంగ.

గాలికి గోధుమచేను ఊగితే అచ్చం సముద్రంలా ఉంటుందని పెళ్ళప్పుడు చెప్పాడు. ఉండదండీ. నాకు సముద్రం కావాలి. ఆయనా కావాలి. ఆయన పరువు తీసి తీసుకెళ్ళలేను. మీరే ఏదో ఒక నిబంధన పుట్టించండి.

ఉంటాను,
లవీనియా

తా.క.: బూట్ల జోకులు మా అన్నలవి కావు, నావే. వాళ్ళు సంతకం మాత్రం పెడతారు.

గిమ్లీ, మే 16

హాల్వర్సన్ గారికి,

మా పడవ పనివాళ్ళ సంఘం పద్నాలుగో నిబంధన మీకు చెప్పడం మరిచాను. పడవ నీటిలోకి దిగేటప్పుడు దాని ముందు కొసకు కట్టిన ముక్కుతాడు పట్టుకోవడం మహా బాధ్యతగల పని. దాన్ని యజమానే స్వయంగా చేయాలి. స్టీరింగ్ వంటి చిల్లర పని ఇంట్లో ఎవరికైనా అప్పగించవచ్చు. లేదంటే పడవకు నా హామీ ఉండదు.

మీ
బార్డాల్

తా.క.: యజమాని టోపీ పెట్టుకుంటే ఇంకా మంచిది.

న్యూఫౌండ్‌ల్యాండ్, జులై 19

బార్డాల్ గారికి,

ఇరవై ఆరడుగుల పడవతో క్షేమంగా చేరాం. మీ నిబంధన చదివి వినిపిస్తే లవీనియా “అమ్మో, నావల్ల కాదండీ” అంది. ఒక మధ్యాహ్నం దగ్గరుండి నేర్పాను.

ఆవిడ అన్నలు ఆరుగురూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను టోపీ పెట్టుకుని తాడు పట్టుకున్నాను. ఆవిడ ఒక్క ఊపులో, వాలు మధ్యలో గీత గీసినట్టు బండి దించేసింది. అన్నల్లో పెద్దాయన లేచి వచ్చి, “ఏం బావా, మా చెల్లికి బాగానే నేర్పావే!” అన్నాడు.

పడవ నీళ్ళలో తేలాక కూడా లవీనియా లారీ దిగలేదు. లారీ పక్క అద్దంలో వెనకున్న సముద్రాన్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. నేను తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను. జోకులేవో వేశారట, నాకు వినపడలేదు.

ఇట్లు,
ఆర్విడ్ హాల్వర్సన్

తా.క.: పై ఉత్తరం లవీనియా చదివేసింది. ఈ నాలుగు ముక్కలూ ఆవిడ చూడకుండా రాస్తున్నాను. మే నెలలోనే మీ సంఘానికి ఫోన్ చేశాను. నిబంధనలు మొత్తం పన్నెండేనట. ఆవిడకు చెప్పకండి, నాకోసం అంత శ్రమపడింది.