అడుగు తట్టే గాలం

లాంబేర్ రేవు,
మార్చి 4, సోమవారం.

లియోనీ అక్కకు,

నువ్వూ, నీ పాప క్లారీసూ ఒంట్లో బాగుండి, వేళకి ఇంత తింటున్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. ఇక్కడ అమ్మ మోకాలి నొప్పి తప్ప అందరం కులాసా. అలా రాయాలి కనుక రాశాను. కులాసా ఎవరికీ లేదు.

ఫోన్ చేస్తే ఎత్తవు. మీ అత్తగారు ఎత్తి, పగలు పదకొండింటికి "లియోనీ పడుకుంది" అంటుంది. అందుకే కాగితం పట్టాను. చింపేస్తే చింపేయి, కానీ చదివి చింపు.

మొన్న చర్చి హాల్లో, చేతిలో బూయా పులుసు గిన్నె పట్టుకుని, ఊరందరి ముందూ నువ్వన్న మాట నాకింకా చెవుల్లోనే ఉంది. "నా మొగుడు ఆ నీళ్ల కింద ఉన్నాడు. ఇది ఆ నీళ్ల మీద ముక్కాలిపీట వేసుకుని కూర్చుని తెల్లచేపలు పడుతోంది. దీని ఒంట్లో ఉన్నది నెత్తురేనా?" అన్నావు. ఒక్కరూ కాదనలేదు. అమ్మయితే బల్ల తుడుస్తూ, "మాడిసన్‌లో చదివొచ్చిన దగ్గర్నుంచీ దానికి మనుషులు ఆనడం లేదులే" అంది. నువ్వు ఏడిస్తే దుఃఖం, నేను ఏడవకపోతే పొగరు. చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో లెక్క ఇంతే. ఎందుకు పోతున్నావే రోజూ ఆ మంచు మీదికి అని నన్ను ఒక్కరూ అడగలేదు.

అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. నేను చేపల కోసం పోవడం లేదు. బావ కోసం పోతున్నాను.

ఫిబ్రవరి ఏడున ఎమిల్ బావ మంచుబండి మీద, గడ్డకట్టిన నీళ్ల మీదున్న తన చేపల గుడిసెకని బయల్దేరి తిరిగి రాలేదు. గాలింపు వాళ్లు ఆరు రోజులు వెతికి, బావ మన క్లబ్బు వాళ్లు దారి గుర్తుగా మంచులో నాటిన చెట్ల వరస వదిలేసి దక్షిణాన చాలా దూరం అడ్డంపడి పోయాడనీ, అక్కడ మంచులో తెరుచుకున్న పగుల్లో దిగిపోయాడనీ రాసుకున్నారు. ఒడ్డున ఆపిన అతని ట్రక్కులో రెండు ఖాళీ బీరు డబ్బాలు దొరికాయి కాబట్టి తాగి ఉన్నాడని కూడా రాసుకున్నారు. మిగతాది మంచు కరిగాక చూద్దాం అన్నారు. మంచు కరిగాక చూసేదేముంది? పగిలిన మంచు గాలికి కొట్టుకుపోతుంది, అడుగునున్నది ప్రవాహంతో పెద్ద సరస్సులోకి పోతుంది. ఆ తర్వాత బావ ఎవరికీ దొరకడు. శవం లేకుండా చర్చిలో పూజ చేయించనని మీ అత్తగారు భీష్మించుకు కూర్చుంది. నువ్వేమో ఇంకా తలుపు చప్పుడైతే లేచి చూస్తున్నావని అమ్మ చెప్పింది.

నాకు ఉన్నది ఈ వారమే. శుక్రవారానికి గుడిసెలన్నీ ఒడ్డుకు లాగేయాలని క్లబ్బు నోటీసు అంటించింది.

గాలంతో మనిషిని ఎలా వెతుకుతారని అడుగుతావు. నువ్వు ఇరవై ఏళ్లు ఈ రేవులో పెరిగినా గాలం ముట్టలేదు కాబట్టి చెబుతాను. తెల్లచేప అడుగున మూతి ఆనించి మేస్తుంది. దాన్ని పిలవాలంటే బరువైన చెంచాని, అదే, కొక్కెం వేలాడే లోహపు రేకుని, అరవై అడుగులు దించి నేలని రెండుమూడు సార్లు తట్టాలి. బురద లేస్తుంది. మేత కదిలిందనుకుని చేప వస్తుంది. వచ్చి ఆ చెంచాని ముట్టదు, దానికి జానెడు పైన కట్టిన చిన్న ఈకల ఎరని నోట్లో పెట్టుకుంటుంది. లాగదు. నోట్లో పెట్టుకుని పైకి లేస్తుంది. దారం బిగవదు, వదులవుతుంది. కొత్తవాళ్లు ఏమీ పడలేదనుకుని కూర్చుంటారు. గబుక్కున గుంజినా లాభం లేదు, దాని పెదవి తడి కాగితంలా చిరిగిపోతుంది.

ఈ తట్టడంలో వేళ్లకి ఇంకో చదువు వస్తుంది. బురదయితే చెంచాని మెత్తగా మింగుతుంది. గులకరాళ్లయితే టిక్కుమంటాయి. ఆల్చిప్పల మేటయితే ఎండుటాకుల మీద అడుగేసినట్టుంటుంది. ఇనుము ఇంకోలా ఉండాలి. ఆ ఇనుము కోసమే తడుతున్నాను. పాత దాటుడు దగ్గర, అంటే ముందు పగులు మీద వంతెన పలకలుండిన చోట, ఆ పగులు మళ్లీ మూసుకుని గడ్డకట్టాక, నాలుగేసి అడుగులకొకటి చొప్పున మంచు తొలిచే బర్మాతో బొక్కలు వేసుకుంటూ పోతున్నాను. ఇవాళ్టికి నూట పద్దెనిమిది అయ్యాయి.

నేను వాడేది బావ గాలాల పెట్టే. నిరుడు నీ ఎర్ర గోళ్ల రంగు పోయిందని వారం రోజులు ఇల్లంతా వెతికావు చూడు, అది ఈ పెట్టెలోనే ఉంది. ప్రతి చెంచా మీదా ఎర్రటి చుక్క పెట్టుకున్నాడు. మబ్బు రోజుకి బంగారు రంగు, ఎండ రోజుకి వెండి, ఏదీ పనిచేయని రోజుకి లియోనీ చుక్క అనేవాడు. నాకు పనికొచ్చేవి వాటిలో అన్నిటికంటే బరువైన మూడే. మిగతావి ముట్టడం లేదు.

గస్ తాత రోజూ వచ్చి నా నెత్తిన నిలబడతాడు. ఇవాళ, "ఏం పిల్లా, నాలుగేళ్లు చదివి చేప నోరు ఏ వైపుంటుందో కనిపెట్టావా?" అన్నాడు. కిందివైపు తాతా, నీదయితే పైవైపుంటుంది, ఎప్పుడూ తెరిచే ఉంటుంది అన్నాను. నవ్వాడు. తర్వాత నా చెంచాని అరచేతిలో వేసుకుని తూచి, "దీనికి తెల్లచేప పడదు, పడితే ఓడ లంగరు పడుతుంది" అన్నాడు. వరసగా నేను వేసిన బొక్కలు చూశాడు. చేపల కోసం ఎవరూ గళ్లనోటుబుక్కులా బొక్కలు వెయ్యరు. "వాడు దక్షిణాన పోయాడన్నారు కదే" అన్నాడు. అన్నారు అన్నాను. "నా బర్మా పదును బాగుంటుంది, తీసుకో" అని మంచు మీద పెట్టి వెళ్లిపోయాడు.

మార్చి 6, బుధవారం.

సోమవారం ఈ ఉత్తరం పోస్టు చేయలేదు. చెప్పడానికి ఏదైనా దొరికాక వేద్దామనుకున్నాను. దొరకలేదు.

నిన్నంతా వాన పడింది. మంచు మీద మడమల లోతు నీళ్లు. నీళ్ల కింద మంచు తెల్లగా కాకుండా బూడిద రంగుకి తిరిగింది, అది చచ్చిపోతున్న మంచు. పొద్దున్న ఎడమ కాలు మోకాలి దాకా దిగబడింది. బోర్లా పడుకుని పాకి బయటికొచ్చి, అక్కడికి పది అడుగులు జరిగి మళ్లీ బొక్క వేశాను. దారం మంచు అంచుకి రాసుకుని మూడుసార్లు తెగింది. బావ చెంచాలు రెండు పోయాయి.

విచిత్రమేమిటంటే చేపలు పడుతున్నాయక్కా. పడకూడదనుకున్నప్పుడే పడుతున్నాయి. అడుగు తడితే చాలు గుంపుగా వస్తున్నాయి. పైన ఎర కట్టడం మానేశాను, అయినా చెంచా కొక్కేనికే తగులుకుంటున్నాయి. ఒక్కొక్కదాన్ని అరవై అడుగులు లాగి, విప్పి, తిరిగి వదలడానికి నాకు ఐదేసి నిమిషాలు దండగ. అమ్మ రెండు తెమ్మంది, వెన్నలో వేయిస్తానంది. తేలేదు. ఆ నేల మీద మూతి పెట్టి మేసిన చేపని నేను తినలేను.

నూట డెబ్బై ఒకటి అయ్యాయి. బురద, బురద, ఆల్చిప్పలు, బురద. మధ్యాహ్నం బొక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలోకి మొహం పెట్టి బావా అని పిలిచాను. అక్కడెవరూ లేరు కాబట్టి పిలిచాను. గాలి దక్షిణానికి తిరిగింది. రేపొక్క రోజే.

మార్చి 7, గురువారం.

దొరికాడు.

నీకు కబురు ముందే అందింది, అయినా నా చేత్తో రాయాలి. నూట తొంభయ్యారో బొక్క. చెంచా దించి తట్టాను. బురద కాదు, రాయి కాదు. వేళ్ల నుంచి మోచేతి దాకా సన్నగా జిల్లుమంది. మళ్లీ తట్టాను. మళ్లీ అదే. పక్కకి లాగితే కొక్కెం తగులుకుంది. చేపలాగా వదులవలేదు, బిగిసింది. మెల్లగా, తెల్లచేప పెదవి చిరగకుండా ఎలా లాగాలో అలా లాగాను. చిటికెన వేలంత నారింజ రంగు గుడ్డపీలిక పైకొచ్చింది. బావ కోటు రంగు.

గజ ఈతగాళ్లు రెండింటికి దిగారు. బండి పక్కనే ఉన్నాడట. మూడున్నరకి పైకి తెచ్చారు. గస్ తాత టోపీ తీశాడు. నేను చూడలేదు, ఒడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

షెరిఫ్ మనిషి నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు. ఇక్కడెందుకున్నావన్నాడు. చేపలు పడుతున్నాను, గాలం తగులుకుంది అన్నాను. రాసుకున్నాడు. "అదృష్టమమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి గస్ తాత చెప్పాడట, అమ్మ గుమ్మంలో నన్ను కావలించుకుని, "నా తల్లే, నెల రోజులు ఒక్కదానివే వెతికావు, మేం గుడ్డివాళ్లం" అని ఏడ్చింది. ఇరుగూపొరుగూ కిస్‌మిస్ పైలు తెచ్చి బల్ల నింపేశారు. పాదిరీగారు ఆదివారం ప్రసంగంలో నా పేరు చెబుతారట. రాత్రి నువ్వు ఫోన్ చేశావు. చర్చి హాల్లో అన్న మాటకి నన్ను క్షమించమన్నావు, మూడుసార్లు. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

సోమవారం అంత్యక్రియలకి క్లారీస్‌కి వెచ్చని మేజోళ్లు వేసి తీసుకురా. శ్మశానంలో గాలి ఎక్కువ.

నీ చెల్లెలు
ఒడెట్

తా.క.

మార్చి 8. పైన రాసినదంతా నిజమే, కానీ ఆ చోటే ఎందుకు వెతికానో రాయలేదు.

ఫిబ్రవరి ఏడున పగులు కాపలా వంతు నాది. వంతున్నవాళ్లు తెల్లారకుండా అందరికంటే ముందు పోయి, రాత్రి గాలికి పగులు ఎక్కడ వెడల్పయిందో చూసి, వంతెన పలకల్ని సన్నటి చోటికి లాగి, దారి చూపే క్రిస్మస్ చెట్లని పెకలించి కొత్త వంతెన వైపు నాటాలి. ఆ పొద్దున పాత చోట పగులు ఎనిమిది అడుగులు నోరు తెరిచింది. పలకల్ని రెండొందల అడుగులు ఉత్తరానికి లాగాను. చెట్లు మిగిలాయి. ఏడు చెట్లు, మొదళ్లు గడ్డకట్టుకుని ఉన్నాయి, ఒక్కోదానికి పది నిమిషాలు గొడ్డలి పని. వెలుగు రేఖ పడింది. తెల్లచేపలు మేతకొచ్చే వేళ అదే, నలభై నిమిషాలు మించి ఉండదు. ఆ రోజు మంచు మీద నేను తప్ప ఎవరూ లేరు. మేత అయ్యాక నాటుదాంలే అని గుడిసెలో కూర్చున్నాను. మేత ఆగలేదు. పదకొండింటికి మంచుతుపాను దిగింది, చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదు.

బావ దారి వదల్లేదు. తాగి లేడు. కనిపించే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి, నమ్మి వచ్చాడు. బండి చప్పుడు విన్నాను. ఆగిపోయింది. తుపాను తగ్గేదాకా ఆగాడనుకున్నాను.

రెండింటికి తెరపిచ్చింది. పోయి చూశాను. నీళ్ల మీద అతని చేతి తొడుగు ఒక్కటి తేలుతోంది. అరిచాను. తర్వాత ఫోన్ తీయలేదు, గొడ్డలి తీశాను. ఏడు చెట్లూ పెకలించి కొత్త వంతెన వైపు నాటాను. గంటా పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత గాలింపు వాళ్లని పిలిచాను, ఏమీ వినలేదన్నాను. చెట్లు వంతెన మీదికే పోతున్నాయి కాబట్టి, బావే దారి తప్పాడనుకుని వాళ్లు దూరంగా దక్షిణాన వెతికారు. నేను గాలంతో వెతికింది, అనుకోకుండా దొరికినట్టు ఉండాలని.

రేపు ఉదయం తొమ్మిదింటికి షెరిఫ్ ఆఫీసుకి పోయి, ఈ తాజాకలంలో ఉన్నదంతా రాసిచ్చి సంతకం పెడుతున్నాను. బావ మీద రాసిన అడ్డదారీ, తాగుడూ కొట్టేయమని అడుగుతాను. దారిలో పోస్టాఫీసు ఉంది. ఈ ఉత్తరం అక్కడ వేస్తాను. సోమవారం నేను శ్మశానానికి రాను.