చుక్క కారని స్కూటర్

చిక్కడపల్లి,
10 జూన్ 1996.

నారాయణగూడలో బండ్ల సామాన్ల దుకాణం నడిపే రామచంద్రయ్య గారికి,

నమస్కారం. (ఈ నమస్కారం నాది. ఆమె పెట్టమనలేదు. - రాస్తున్నవాడు.)

నేను చిక్కడపల్లి ఈదమ్మను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా పై వాటాలో కిరాయికుండే రిటైర్డ్ తెలుగు పంతులు వీరరాఘవరావు గారు రాస్తున్నారు. మీ దుకాణం మా ఇంటికి కిలోమీటరు కూడా ఉండదు. అయినా పోస్టులోనే పంపిస్తున్నాను. నోటితో తిడితే గాలికి పోతుంది, కాగితం మీద తిడితే కోర్టులో నిలబడుతుంది.

మా ఇంటాయనకు ఇరవై రెండేళ్ల పాత స్కూటర్ ఉంది. మొన్న శుక్రవారం దాని వెనక చక్రం దగ్గర మీరు కొత్త ఆయిల్ సీలు వేశారు. చేతిగాజు కన్నా చిన్న నల్ల రబ్బరు రింగు. ఆయన చొక్కా జేబులో మీ రసీదు దొరికితే పంతులు గారు చదివి చెప్పారు. ఆ రింగు పడ్డప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ చేయని పని ఆ బండి ఇప్పుడు చేస్తోంది. పొద్దున వాకిట్లోకి పోయి చూసి, గడప మీదే కూలబడ్డాను.

ఒకరింట్లో ఇంత ఉపద్రవం పెట్టేముందు ఇంటి ఆడమనిషిని ఒక్క మాట అడగాలి కదా. మీ సీలు మీరు తీసుకోండి. మా పాత సీలు మాకు బిగించండి.

చదివి వినిపించాను. ఒప్పుకుని వేలిముద్ర వేశారు.

ఈదమ్మ వేలిముద్ర

తా.క. ఈ ముక్క అన్నది అన్నట్టే రాయమన్నారు: "రసీదు మీద గ్యారంటీ అని రాసినవు గద. దేనికయ్యా గ్యారంటీ? నా సంసారానికి ఇస్తవా?"


నారాయణగూడ,
13 జూన్ 1996.

గౌరవనీయులైన ఈదమ్మ గారికి,

తమ ఉత్తరం చేరింది. మా దుకాణం యావత్తు సిగ్గుతో తల దించుకుంది.

విషయం మాకు అర్థమైంది. సీలు సరిగ్గా కూర్చోక నూనె కారుతున్నట్టుంది. తమ వాకిలి పాడైనందుకు విచారిస్తున్నాం. ఈ ఉత్తరంతో పాటు డబుల్ లిప్ సీలు ఒకటి ఉచితంగా పంపుతున్నాం. దీనికి లోపల ఒక అంచు, బయట ఒక అంచు ఉంటాయి. లోపలి అంచును దాటిన నూనెను బయటి అంచు పట్టుకుంటుంది. తమ వారి చేతికిచ్చి పంపితే బిగిస్తాం. ఆ తర్వాత ఒక్క చుక్క కారినా బోర్డు దించేస్తాం.

ఈ చిన్న పనికి ఈదమ్మ గారు స్వయంగా రానవసరం లేదు. మా దుకాణానికి మూడు మెట్లున్నాయి. తమ మోకాళ్లకు మంచిది కాదు.

ఇట్లు,
ప్రొప్రయిటర్ రామచంద్రయ్య తరఫున,
గుమాస్తా.

తా.క. అన్నం సయించడం లేదని పరగడుపున తాగే మెంతుల నీళ్లు మానవద్దు. రెండింటికీ సంబంధం లేదు.


చిక్కడపల్లి,
17 జూన్ 1996.

రామచంద్రయ్య గారికి, ఆయన గుమాస్తాకు,

మీ రెండంచుల సీలు అందింది. అది చూడగానే ఉత్తరం తప్పు రాశారేమోనని పంతులు గారి మీద లేచాను. ఆయన తప్పు లేదు. నూనె కారుతోందని నేను ఎక్కడ చెప్పాను? కారడం లేదు. అదే నా ఫిర్యాదు.

నింపాదిగా వినండి. మా ఆయన పేరు నేను నోట తీయను. పంతులు గారే రాస్తారు. (ఉప్పలయ్య.) ప్రెస్సులో నలభై ఏళ్లు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన మనిషి. రెండేళ్ల కింద ఆ ప్రెస్సుకు కంప్యూటర్లు వచ్చాయి, ఈయన ఇంటికి వచ్చాడు. ఆ ఎండాకాలమే పొద్దున బండెక్కి మందులు తెస్తానని పోయి పన్నెండు దాటినా రాలేదు. ఎటు పోయాడని ఎవరిని అడగాలి? నాకు బోర్డులు చదవడం రాదు. చుక్కలు చదవడం వచ్చు. ఆ బండి ఎక్కడికి పోయినా దారి పొడుగునా నల్లటి నూనె చుక్కలు పెట్టుకుంటూ పోయేది. వంగి ఆ చుక్కలే చూసుకుంటూ నారాయణగూడ దాటి బర్కత్‌పుర దాకా నడిచాను. ఒక గోడ పక్కన బండి పడి ఉంది. బండి పక్కన ఆయన పడి ఉన్నాడు, స్పృహ లేకుండా. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు.

ఆనాడు చుక్కలు పట్టుకుని వచ్చిన సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఎవరో చూసి చెప్పారన్నాను. నేను అంత దూరం వెతుక్కుంటూ వచ్చానని తెలిస్తే నెత్తికెక్కుతాడు.

ఆనాటి నుంచి ఏ పనీ ముట్టనివ్వలేదు. లైబ్రరీకి పోయి పేపరు చదువుకుని రావాలి, కుర్చీలో కూర్చోవాలి. రోజూ గల్లీ మూలకు పోయి చుక్కలు లైబ్రరీ వైపు తిరిగాయా లేదా చూసి వచ్చాకే నేను పొయ్యి వెలిగించేది. ఈ నెల మొదట్లో చుక్కలు నారాయణగూడ వైపు తిరిగాయి. "లైబ్రరీ అటెప్పుడు జరిగింది?" అని అడిగాను. మర్నాడే బండికి మీ సీలు పడింది. ఇప్పుడు మూలకు పోతే రోడ్డు కడిగిన పళ్లెంలా ఉంటోంది. ఆ మనిషి మళ్లీ ఎక్కడైనా పడిపోతే నేను దేన్ని పట్టుకుని పోవాలి? మీ గ్యారంటీ కార్డునా?

చదివి వినిపించాను. వింటూ రెండుసార్లు కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. అది రాయవద్దన్నారు.

ఈదమ్మ వేలిముద్ర

తా.క. సామాన్ల దుకాణంలో ఇంత గుండ్రని దస్తూరీ నేను చూడలేదు. మెచ్చుకుంటే ఆమె అంటున్నారు: "దస్తూరీ సంగతి తర్వాత సారూ. నాకు మోకాళ్ల నొప్పులున్నయని గా గుమాస్తకు ఎవరు చెప్పిండ్రు? నేనైతే రాయించలే."


నారాయణగూడ,
20 జూన్ 1996.

గౌరవనీయులైన ఈదమ్మ గారికి,

తమ ఉత్తరం చదివాక మా గుమాస్తా చాలాసేపు పని చేయలేకపోయాడు. చిన్న సైజు సీళ్లన్నీ పెద్ద సైజు సొరుగులో వేశాడు. అడిగితే కంట్లో దుమ్ము పడిందన్నాడు. చుక్కలు చూసుకుంటూ ఒక మనిషి బర్కత్‌పుర దాకా నడవడం అతను ఎన్నడూ వినలేదట.

అయితే ఈదమ్మ గారు మా ఇబ్బంది కూడా చూడాలి. సీలు కారుతోందని ఫిర్యాదులు వస్తాయి. కారడం లేదని వచ్చిన మొదటి ఫిర్యాదు తమదే. కారే సీలు మేమే బిగించామని తెలిస్తే బజారులో మా ముఖం చెల్లదు. ప్రొప్రయిటరు ససేమిరా అంటున్నారు.

మరో ఉపాయం ఉంది. బండి గాలి పీల్చుకోవడానికి కంపెనీ వాళ్లు ఒక మూత డబ్బా పెడతారు. దాన్ని తీసేసి, కాలేజీ కుర్రవాళ్లు వేయించుకునే కొత్త రకం ఎయిర్ ఫిల్టరు గొట్టం పెట్టవచ్చు. మూత లేదు కాబట్టి గాలి పీల్చినప్పుడల్లా పెద్ద చప్పుడు చేస్తుంది. తమ వారు ఎక్కడున్నా వినిపిస్తుంది. ఇన్నాళ్లు కళ్లతో చదివింది ఈదమ్మ గారు ఇకపై చెవులతో చదవవచ్చు.

ఇట్లు,
ప్రొప్రయిటర్ తరఫున,
గుమాస్తా.

తా.క. మోకాళ్ల సంగతి ఎలా తెలిసిందన్నారు. అరిగిపోయిన కీళ్ల మధ్య ఇన్నేళ్లు పనిచేస్తే బండివైనా మనిషివైనా ఒకటే, దానంతటదే తెలిసిపోతుంది.


చిక్కడపల్లి,
24 జూన్ 1996.

రామచంద్రయ్యకు,

(గారు తీసేయమన్నారు. నమస్కారం ఈసారి నేనూ పెట్టడం లేదు. నా చెవులు ఇంకా గింగురుమంటున్నాయి.)

నువ్వు పెట్టింది గొట్టమా, ఫిరంగా? మొదటిసారి వినగానే లారీ ఇంట్లోకి వచ్చిందనుకుని చింతపండు పులుసు గిన్నె వదిలేశాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మెడకు మఫ్లరు, కళ్లకు భూతద్దాలంత అద్దాలు, కింద ఆ చప్పుడు. అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు మేడల మీది నుంచి వంగి, "అవ్వా, తాత రేసులకు పోతుండా?" అని అరుస్తున్నారు. వాళ్లు ఫేలయితే ఆ పాపం నీదే.

అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం మాకు శనివారం అందింది. అందులో గొట్టం వేయిస్తామని ఉంది. ఆయన శుక్రవారమే వేయించుకుని వచ్చాడు. నేను ఆయనతో మీ ఉత్తరాల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరు చెప్పారు?

ఇంకొకటి. డాబా ఎక్కి విన్నాను. చప్పుడు గల్లీ దాటింది, చౌరస్తా దాటింది, నారాయణగూడలో ఆగిపోయింది. మళ్లీ ఒంటి గంటకు అక్కడే లేచింది. శనివారమూ ఇదే, ఇవాళా ఇదే. అన్నం తినేటప్పుడు ఆయన చేతులు వాసన చూశాను. రబ్బరు. పేపరు చదివితే చేతులకు రబ్బరు వాసన ఎందుకొస్తుంది?

నాకు తెలిసిపోయింది. దుకాణం వెనక గదిలో నువ్వు పేకాట పెట్టావు. మా అమాయకుణ్ణి కూర్చోబెట్టావు. ఆ గుండె పేకాటకు తట్టుకునేది కాదు. నేను వస్తున్నాను.

చదివి వినిపించాను. ఇంకా గట్టిగా రాయలేదేమన్నారు.

ఈదమ్మ వేలిముద్ర

తా.క. "నాకు మెట్లు లెక్క గాదని గా గుమాస్తకు చెప్పుండ్రి. మూడు గాదు, ముప్పై ఉన్నా ఎక్కుత."


నారాయణగూడ,
27 జూన్ 1996.

గౌరవనీయులైన ఈదమ్మ గారికి,

తమ ఉత్తరంతో మా కాళ్ల కింద నేల కదిలింది. ఇక్కడ పేకాట లేదు. వెనక గది కూడా లేదు, ఉన్నది గోడ.

ఉప్పలయ్య అనే పెద్దమనిషి ఎవరో మాకు బొత్తిగా తెలియదు. వారిని మేము ఎన్నడూ చూడలేదు. వారు బీపీ మాత్ర వేళకు వేసుకుంటున్నారని, ఎండలో తిరగడం లేదని, బరువులు ఎత్తడం లేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలం.

కనుక ఈదమ్మ గారు రావద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాం. ముఖ్యంగా పది నుంచి ఒంటి గంట మధ్య రావద్దు.

ఇట్లు,
తరఫున,
గుమాస్తా.

తా.క. దుకాణం మెట్లు మూడు కాదు, ఆరు. మొదట తప్పు రాశాం.


నారాయణగూడ, మీ దుకాణంలో, మీ కౌంటరు మీదే,
1 జూలై 1996.

రామచంద్రయ్య గారికి,

మీరు నా ఎదురుగానే నిలబడి ఉన్నారు. అయినా ఉత్తరమే రాయిస్తున్నాను. నోటి మాటయితే రేపు కాదంటారు. మెట్లు మూడే.

ఈ ఉత్తరం పంతులు గారు రాయడం లేదు. దస్తూరీ చూడండి. మీ పేరు మీద నాకు వచ్చిన మూడు ఉత్తరాలూ రాసిన చెయ్యే ఇది. అవీ, నేను పంపినవీ మీరు చదవనే లేదని, పార్సిలు కాగితాలనుకున్నారని ఇప్పుడే చెప్పారు. కాబట్టి మిమ్మల్ని పేకాట మాట అన్నందుకు క్షమించండి. మిగతా మాటలు ఉండనివ్వండి.

నన్ను చూడగానే మీ గుమాస్తా లేచి నిలబడి, "ఏం కావాలమ్మా?" అని అడిగాడు. నలభై ఆరేళ్ల కాపురం తర్వాత. నేను రిక్షాలో వస్తూ పేర్చుకున్న తిట్లన్నీ ఆ ఒక్క మాటకు ఎగిరిపోయాయి.

నాకు అనుమానం మెంతుల నీళ్ల దగ్గరే తగిలింది. నమ్మలేదు. ఎందుకంటే ఈ మనిషి జన్మలో నా పేరు పలకలేదు. "ఇగో" అంటాడు, "ఇన్నవా" అంటాడు. పంతులు గారిని లెక్కపెట్టమంటే ఆ మూడు ఉత్తరాల్లో ఏడుసార్లు ఈదమ్మ గారు అని ఉందన్నారు. గారు కూడా. అందుకే ఇది మా ఆయన కాదనుకున్నాను.

మెట్లెక్కి చూస్తే ఈయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందర గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. కుప్పలో నుంచి సీలు తీస్తున్నాడు, చూడకుండానే వేలితో తడిమి సైజు పట్టి, దాని సొరుగులో వేస్తున్నాడు. ప్రెస్సులో అక్షరాలు ఏరినట్టే. ఆ వేళ్లు అట్లా ఆడగా చూసి రెండేళ్లయింది. కుర్చీలో కూర్చోబెట్టి బతికిస్తున్నాననుకున్నాను. ఈ మాట రాయవద్దంటే రాస్తున్నాడు.

ఇప్పుడు నా షరతులు. ఈయన రావచ్చు. ఒంటి గంటకు వదలాలి. టీలో చక్కెర వద్దు. ఆ ఫిరంగి గొట్టం ఇప్పుడే ఊడదీయాలి, పిల్లలు చదువుకోవాలి. పాత సీలు తిరిగి వేయాలి. మీ పరువు పోతుందంటే బండి మీద మీ దుకాణం పేరు లేదు, భయపడకండి.

తా.క. ఇది నా మాట, ఆమె చెప్పింది కాదు. పాత సీలును నేను పారేయలేదు. దేనికి దాచానో నాకే తెలియదు, కింది వరుస చివరి సొరుగులో ఉంది. మెకానిక్ మాసయ్య నవ్వుకుంటూ దాన్ని బిగించాడు. పావుగంటకు మెట్ల ముందు మొదటి చుక్క పడింది. ఆమె వంగి చూసి, "ఇగ పానం నిమ్మలమైంది" అంది.

వేలిముద్ర వేయిద్దామంటే స్టాంపు ప్యాడు ఎండిపోయి ఉంది. ఆమె కిందికి పోయి, ఆ చుక్కలో బొటనవేలు అద్దుకుని వచ్చి వేసింది. పక్కన పేరు రాయమంది, రాశాను. పంతులు గారు ఎప్పుడూ చదివి వినిపిస్తారట, నువ్వూ చదువు అంది. అంతా చదివాను. పేరు దగ్గర ఆగాను. రామచంద్రయ్య గారు, మాసయ్య, కౌంటరు దగ్గర ఇద్దరు గిరాకీలు నా వైపే చూస్తున్నారు. "చదువు మరి, రాయొచ్చింది గద" అంది.

చదివి వినిపించాను. ఒప్పుకుంది.

ఈదమ్మ వేలిముద్ర